పూత లేని పొడినీ అదే కొలిమిలో పెట్టించండి: క్యాథోడ్ పరిశోధనకు నిధులిచ్చేవారికి బహిరంగ లేఖ

చెన్నై

అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ కార్యనిర్వాహక మండలి సభ్యులకూ,
ఆ సంస్థ విద్యుత్ వాహనాల మిషన్ కింద బ్యాటరీ ప్రతిపాదనలను పరిశీలించే నిపుణులకూ

విషయం: లిథియం-అయాన్ బ్యాటరీల క్యాథోడ్ పొడులపై రక్షణ పూతల పరిశోధనకు నిధులిచ్చేటప్పుడు విధించవలసిన షరతులు, దక్షిణాదిన ఒక ఉమ్మడి పూత కేంద్రం అవసరం.

మాన్యులకు నమస్కారాలు.

నేను చెన్నైలో, తరమణి ప్రాంతంలో క్యాథోడ్ పొడులతో, అంటే బ్యాటరీ ధన ధ్రువంలో లిథియాన్ని దాచుకునే పదార్థంతో, పనిచేసే మెటీరియల్స్ ఇంజనీరును, తెలుగువాణ్ణి. మీ విద్యుత్ వాహనాల మిషన్‌లో ఒక విభాగాన్ని ప్రత్యేకంగా ఉష్ణమండలానికి తగిన బ్యాటరీలకూ సెల్‌లకూ కేటాయించడం చూసి సంతోషించినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ లక్ష్యంతో మీ ముందుకు వచ్చే ప్రతిపాదనల్లో క్యాథోడ్ కణాలపై రక్షణ పూతలు వేస్తామనేవి తప్పకుండా ఉంటాయి, బహుశా కొంచెం ఎక్కువగానే ఉంటాయి. వాటికి మీరు ఉదారంగా డబ్బు ఇవ్వాలన్నదే నా కోరిక. అయితే ఆ డబ్బుతో పాటు కొన్ని షరతులు కూడా వెళ్లాలి. ఆ షరతులు లేకపోతే నాలుగైదేళ్ల తర్వాత మన దగ్గర బోలెడన్ని పరిశోధనపత్రాలు ఉంటాయి కానీ, మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలోనో తమిళనాడులోని కృష్ణగిరిలోనో ఉన్న కర్మాగారంలో సెల్‌లోకి పోయదగిన ఒక్క బస్తా పొడి ఉండదు.

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో బహిరంగంగా రాయడానికి కారణం లేకపోలేదు. మహబూబ్‌నగర్ దగ్గర సెల్‌ల కర్మాగారం రూపుదిద్దుకుంటోంది, హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఏళ్ల తరబడి క్యాథోడ్ పొడులపై పనిచేస్తోంది, చెన్నై, బెంగళూరు ప్రయోగశాలల్లో తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మీరు విధించే షరతులను రేపు పాటించవలసినవాళ్లలో వీళ్లంతా ఉంటారు కనుక, ఈ వాదన వాళ్ల కళ్ల ముందు కూడా జరగడం మంచిదనిపించింది.

బ్యాటరీని చార్జి చేసినప్పుడు క్యాథోడ్‌లోని లిథియం బయటికి వచ్చి, ఎలక్ట్రోలైట్ అనే ద్రవం గుండా సాగి, ఎదుటి ధ్రువమైన గ్రాఫైట్ యానోడ్‌లో చేరుతుంది. నికెల్ ఎక్కువగా ఉన్న ఆక్సైడ్‌లలో, లిథియం ఖాళీ చేసిన కొద్దీ నికెల్ నాలుగు ధనావేశాల స్థితికి దగ్గరవుతుంది. ఆ స్థితిలో అది పక్కనున్న ఎలక్ట్రోలైట్ నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. దాంతో ఎలక్ట్రోలైట్ ఆక్సీకరణం చెందుతుంది, కణం పైభాగం నుంచి ఆక్సిజన్ ఊడిపోతుంది, పొరలు పొరలుగా ఉండవలసిన స్ఫటికం అంచున రాతి ఉప్పు నిర్మాణంలోకి మారిపోయి లిథియం రాకపోకలకు అడ్డుపడుతుంది. ఇది ఒక దారి. రెండో దారిలో, ఎలక్ట్రోలైట్‌లో కరిగించిన లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణం వేడికి విడిపోయి, ఎంత ఆరబెట్టినా మిగిలిపోయే కొద్దిపాటి తేమతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం మాంగనీస్, నికెల్, కోబాల్ట్‌లను క్యాథోడ్ నుంచి కరిగిస్తుంది. కరిగిన లోహాలు ఎలక్ట్రోలైట్ గుండా ప్రయాణించి యానోడ్ మీద దిగి, అక్కడ ఏర్పడి ఉన్న రక్షక పొరను చెడగొడతాయి. ఆ పొరను మళ్లీ కట్టుకోవడానికి సెల్ తనలోని లిథియాన్నే ఖర్చుచేస్తుంది. అందువల్ల క్యాథోడ్ ఉపరితలంలో మొదలైన నష్టం చాలాసార్లు యానోడ్ దగ్గర లెక్కకు వస్తుంది. ఈ మాటను గుర్తుంచుకోవలసిందిగా మనవి; దీని అవసరం మళ్లీ వస్తుంది.

కణం మీద కొన్ని నానోమీటర్ల మందాన అల్యూమినా, జిర్కోనియా, లిథియం ఫాస్ఫేట్, లిథియం బోరేట్ వంటి పదార్థాన్ని పరిస్తే ఈ రెండు దారులనూ కొంతవరకు మూయవచ్చు. అల్యూమినా అయితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తానే చర్య జరిపి అల్యూమినియం ఫ్లోరైడ్‌గా మారుతుంది, అంటే క్యాథోడ్ మీద పడవలసిన దెబ్బను తాను తీసుకుంటుంది. మందం పెరిగితే అదే పూత లిథియాన్ని కూడా ఆపేస్తుంది కనుక, ఎంత పలచగా, ఎంత సమంగా వేయగలమన్నదే అసలు నైపుణ్యం. మీ బల్ల మీదికి వచ్చే ఏ ప్రతిపాదన తెరిచినా మొదటి రెండు పేజీల్లో ఇంతవరకూ ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతి పేజీల్లోనే.

ఈ రంగం చరిత్రలో ఒక ఘట్టాన్ని మీకు గుర్తుచేయాలి. 2000, 2001 సంవత్సరాల్లో దక్షిణ కొరియాలో జేఫిల్ చో బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ అనే క్యాథోడ్ పదార్థంపై అల్యూమినా, జిర్కోనియా పూతలు వేసి, చార్జింగ్ సమయంలో స్ఫటికం వ్యాకోచించడం ఆగిపోయిందనీ, సామర్థ్యం నిలవడానికి కారణం అదేననీ ప్రకటించింది. ఆ పత్రాలతో ఈ రంగం ఊపందుకుంది. తర్వాత కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో జావోహుయ్ చెన్, జెఫ్ డాన్ అదే పనిని మళ్లీ చేసి చూశారు. జిర్కోనియా పూత ఉన్న పొడిలో కూడా స్ఫటికం ఎప్పటిలాగే వ్యాకోచిస్తోందని వాళ్ల ఎక్స్-రే కొలతల్లో తేలింది. అంతటితో వదిలిపెట్టకుండా వాళ్లు ఇంకో అడుగు వేశారు. 2004లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఏ పూతా లేని లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌నే మళ్లీ కొలిమిలో పెట్టి వేడిచేసినా, లేదా నూరి కొత్త ఉపరితలాన్ని బయటపెట్టినా, 4.5 వోల్టుల వరకు చార్జి చేసినప్పుడు అది పూత వేసిన పొడితో సమానంగా నిలబడింది.

దీని అర్థం ఏమిటో ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. పొడి డబ్బాలో ఉన్నంతకాలం గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పట్టుకుంటుంది. తడి పద్ధతిలో పూత వేసినా, పొడి పద్ధతిలో వేసినా, చివర్లో ఆ పొడిని కొలిమిలో కాలుస్తాం. ఆ కాల్చడంలో పూత అతుక్కుంటుంది, దాంతో పాటు ఉపరితలం కూడా శుభ్రపడుతుంది. పోలిక కోసం పెట్టిన పూత లేని పొడిని మాత్రం డబ్బాలోంచి తీసి నేరుగా సెల్‌లో వాడతాం. అప్పుడు వచ్చిన మెరుగుదలలో పూత వాటా ఎంత, కొలిమి వాటా ఎంత అని అడిగితే జవాబు ఉండదు. ఇరవై ఏళ్ల కిందటే అచ్చైన ఈ పాఠాన్ని నేటికీ ఎన్నో పత్రాలు పట్టించుకోవు. సమీక్షకులు కూడా అడగరు. నేను చూసిన కొన్ని ప్రతిపాదనల్లో నియంత్రణ నమూనా (పోలిక కోసం పెట్టే పూత లేని పొడి) గురించి ఒక్క వాక్యమైనా లేదు, వంద సైకిళ్ల (ఒకసారి చార్జి చేసి ఖాళీ చేయడం ఒక సైకిల్) తర్వాత ఇంత శాతం మెరుగు అన్న హామీ మాత్రం ముందే ఉంది.

కాబట్టి నా మొదటి విన్నపం చాలా చవకైనది. పూత వేసిన పొడి ఏయే దశల గుండా వెళ్లిందో, అంటే ఏ ద్రావణిలో తడిసిందో, ఎంతసేపు కలియబెట్టారో, ఏ వాయువులో ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని గంటలు కాల్చారో, పూత పదార్థం ఒక్కటి మినహా ఆ దశలన్నిటి గుండా పూత లేని పొడి కూడా వెళ్లాలని నిధుల షరతుల్లో రాయండి. ఈ పోలిక చూపని పనికి రెండో విడత నిధులు ఆపండి. దీనికి అదనంగా ఒక్క పరికరం కూడా కొనక్కర్లేదు.

పూతలు పనిచేయవన్నది నా వాదన కాదు. డల్హౌసీవాళ్లూ ఆ మాట అనలేదు. 2010లో కొలరాడో విశ్వవిద్యాలయం, అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల పరిశోధకులు ఏఎల్‌డీ అనే పద్ధతిలో, అంటే ఒక్కో చుట్టుకు ఒక్కో పరమాణు పొర చొప్పున వేసే పద్ధతిలో, లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పొడిపై కేవలం రెండు చుట్ల అల్యూమినా వేశారు. 4.5 వోల్టుల వరకు చార్జి చేస్తూ 120 సైకిళ్లు నడిపిన తర్వాత ఆ పొడి 89 శాతం సామర్థ్యం నిలుపుకుంది, పూత లేనిది 45 శాతానికి పడిపోయింది. చుట్లు పెంచిన కొద్దీ ప్రయోజనం తగ్గింది. ఇంత తేడాను కేవలం ఉపరితలం ఆరడానికి అంటగట్టడం కష్టం. అయినా వాక్యూమ్‌లో, వేడి మీద జరిగే పని కనుక అక్కడ కూడా అదే గదిలో పూత లేకుండా ఉంచిన పొడిని పక్కన పెట్టి చూడాలనే అంటాను.

రెండో విషయం సెల్‌కు సంబంధించినది. మన విశ్వవిద్యాలయాల్లో పూతలను పరీక్షించేది ఎక్కువగా గడియారం బ్యాటరీ లాంటి చిన్న బొత్తాం సెల్‌లో, అదీ ఎదురుగా గ్రాఫైట్ బదులు లిథియం లోహపు బిళ్ల పెట్టి. ఆ బిళ్లలో లిథియం అవసరానికి మించి ఎన్నో రెట్లు ఉంటుంది. క్యాథోడ్ నుంచి కరిగిన మాంగనీస్ వచ్చి ఎంత లిథియాన్ని వృథా చేసినా ఆ సెల్‌కు కొరత తెలియదు. ముందు చెప్పినట్టు, ఉపరితలం నుంచి కలిగే నష్టంలో పెద్ద భాగం యానోడ్ దగ్గర లెక్కకు వచ్చేటప్పుడు, ఆ లెక్క అసలు కనిపించని సెల్‌లో పూత గుణాన్ని కొలవడం ఏమి న్యాయం? దీనికి రెండువైపులా పదును ఉంది: మంచి పూత సాధారణంగా కనిపించవచ్చు, లిథియం లోహం మీద జరిగే గొడవల వల్ల సాధారణమైన పూత గొప్పగానూ కనిపించవచ్చు. గ్రాఫైట్ ఎదురుగా ఉన్న పూర్తి సెల్‌లో, కొన్ని వందల సైకిళ్ల ఫలితం లేకుండా పూత గురించి తీర్మానం చేయకూడదు. ఎలక్ట్రోడ్ మందం గురించి కూడా ఒక మాట. చదరపు సెంటీమీటరుకు రెండు మూడు మిల్లీగ్రాముల పొడి పరిచి, ఎలక్ట్రోలైట్‌తో ముంచెత్తిన సెల్‌లో వచ్చిన ఫలితం, దాదాపు ఇరవై మిల్లీగ్రాములు పరిచి, ఎలక్ట్రోలైట్‌ను పొదుపుగా పోసే కర్మాగారపు సెల్‌లో వస్తుందన్న భరోసా లేదు.

మూడోది ఉష్ణోగ్రత. ఉష్ణమండలం అనే పదాన్ని మిషన్ ఆశయాల్లో రాసుకున్న తర్వాత, పరీక్షలన్నీ 25 డిగ్రీల దగ్గర ఏసీ గదిలో జరిగితే ఆ పదానికి విలువ ఉండదు. చెన్నైలో కత్తిరి ఎండల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఎండకు నిలిపిన స్కూటర్ సీటు కింద ఉన్న బ్యాటరీ వేడి గాలి వేడిని మించుతుంది. వేడి పెరిగితే లవణం విడిపోవడం, ఆమ్లం పుట్టడం, లోహం కరగడం అన్నీ వేగం అందుకుంటాయి. అందువల్ల 45 డిగ్రీల దగ్గర సైకిళ్ల పరీక్ష తప్పనిసరి కావాలి. దానికన్నా నాకు ముఖ్యంగా తోచేది నిలవ పరీక్ష. తాంబరం స్టేషన్ బయట పొద్దున నిలిపిన వాహనం సాయంత్రందాకా కదలదు. ఇంట్లో రాత్రంతా నిండా చార్జి చేసుకుని వచ్చి, ఆ నిండు చార్జితోనే ఎండలో నిలబడి ఉంటుంది. క్యాథోడ్ ఉపరితలానికి అంతకంటే కష్టకాలం లేదు, ఎందుకంటే నికెల్ అత్యధిక ఆవేశ స్థితిలో ఉన్నప్పుడే వేడి కూడా అత్యధికంగా ఉంటుంది. సైకిళ్ల పరీక్షలో సెల్ ఆ స్థితిలో కొన్ని నిమిషాలే ఉండి దిగిపోతుంది. నిండు చార్జిలో, 45 డిగ్రీల దగ్గర వారాల పాటు ఉంచి, తర్వాత ఎంత సామర్థ్యం మిగిలింది, ఎంత వాయువు పుట్టింది, యానోడ్ మీద ఎంత మాంగనీస్, నికెల్ చేరింది అని కొలిచే పరీక్షను మన దేశపు పూతల పరిశోధనకు గీటురాయిగా పెట్టండి. చలిదేశాల ప్రయోగశాలలు దీన్ని మనకోసం చేసిపెట్టవు.

తేమ విషయం దీనికి తోబుట్టువే. నికెల్ 80 శాతం ఉన్న పొడులపై లిథియం హైడ్రాక్సైడ్, లిథియం కార్బొనేట్ అవశేషాలు మిగిలి ఉంటాయి. గాలి తగిలిన కొద్దీ అవి పెరుగుతాయి. ఆ క్షారగుణం వల్ల ఎలక్ట్రోడ్ తయారీలో పొడిని అతికించడానికి వాడే పీవీడీఎఫ్ అనే బైండర్ చెడి, లోహపు రేకు మీద పూసే స్లర్రీ జావలా ఉండవలసింది ముద్దగా గడ్డకడుతుంది. ఈ అవశేషాలను నీటితో కడిగితే పోతాయి, కానీ కడిగిన ఉపరితలం మరింత సున్నితమవుతుంది. అందుకే కడిగిన తర్వాత బోరిక్ ఆమ్లం కలిపి తక్కువ వేడిమీద కాల్చి లిథియం బోరేట్ పూత వేసే పద్ధతి పరిశ్రమలో వాడుకలోకి వచ్చింది. సముద్రం పక్కనున్న మా ఊళ్లో, అందులోనూ ఈశాన్య రుతుపవనాల నెలల్లో, పొడి బస్తా విప్పి మూయడానికి పట్టే సమయం కూడా లెక్కలోకి వస్తుంది. మంచు బిందువు మైనస్ 40 డిగ్రీల దగ్గర ఉండే, అంటే గాలిలో తేమ దాదాపు లేని, డ్రై రూమ్ నడపడం ఇక్కడ పెద్ద కరెంటు ఖర్చు. పూత వల్ల పొడికి గాలిని తట్టుకునే ఓర్పు పెరిగితే, బ్యాటరీ ఆయుష్షుతో సంబంధం లేకుండానే ఆ పూత తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. ఇంత ఆర్థిక ప్రాముఖ్యం ఉన్న ఈ గుణాన్ని, అంటే నిర్ణీత తేమలో నిర్ణీత గంటలు ఉంచిన తర్వాత అవశేష లిథియం ఎంత పెరిగిందన్న కొలతను, ప్రతిపాదనల్లో అరుదుగా చూస్తాం.

పూతకు ఉన్న హద్దునూ చెప్పాలి. నికెల్ ఎక్కువైన ఆక్సైడ్‌లు 4.2 వోల్టుల దగ్గర ఒక దశ నుంచి మరో దశకు మారేటప్పుడు స్ఫటికం ఒక దిశలో ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. చిన్న చిన్న స్ఫటికాలు ముద్దగా అతుక్కుని ఏర్పడ్డ గోళాకార కణం ఆ ఒత్తిడికి లోపల పగులుతుంది. పగుళ్లలోకి ఎలక్ట్రోలైట్ చొరబడితే అక్కడ పూత లేని కొత్త ఉపరితలం సిద్ధంగా ఉంటుంది. కణం పైన ఎంత చక్కని పూత వేసినా లోపలి పగులును అది ఆపలేదు. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు 2018లో, పైన వేసిన లిథియం ఫాస్ఫేట్‌ను వేడితో స్ఫటికాల మధ్య సందుల్లోకి దింపి ఈ నష్టాన్ని తగ్గించవచ్చని చూపారు. పగిలే సందులే లేకుండా, కణమంతా ఒకే స్ఫటికంగా ఉండే పొడులను తయారుచేసి వాటికి పూత వేయడం మరో మార్గం. నా అభిప్రాయంలో రెండో మార్గమే మనకు చేతికి అందేది. ఏది ఎంచుకున్నా, పూత ఉంటే బ్యాటరీ అగ్గి అంటుకోదన్న ప్రచారానికి మాత్రం మీ సొమ్ము తోడు కాకూడదు. పూత ఉపరితల చర్యలను నెమ్మదింపజేస్తుంది, ఆక్సిజన్ విడుదలను కొంత వెనక్కి నెట్టవచ్చు. లోపలి షార్ట్ సర్క్యూట్‌కూ, చెడ్డ ప్యాకింగ్‌కూ అది మందు కాదు.

ఇప్పుడు ఎల్‌ఎఫ్‌పీ గురించి. స్కూటర్లకూ, బస్సులకూ, సౌరవిద్యుత్ నిల్వకూ మన దేశం మొగ్గుచూపుతున్నది ఈ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వైపే. 1997లో అమెరికా శాస్త్రవేత్త జాన్ గుడ్‌ఇనఫ్ బృందం దీన్ని వెలుగులోకి తెచ్చినప్పుడు దానిలో విద్యుత్ వాహకత మరీ తక్కువ. దాన్ని వాడుకలోకి తెచ్చినది, ఆ తర్వాత రెండేళ్లలో రావే, అర్మాండ్ వంటివారు వేసి చూపిన కార్బన్ పూత. ఇక్కడ పూత అదనపు రక్షణ కాదు, అది లేకపోతే పదార్థమే పనికిరాదు. చక్కెరో గ్లూకోజో కలిపి జడవాయువులో 700 డిగ్రీల పరిసరాల్లో కాలిస్తే కార్బన్ పొర ఏర్పడుతుంది, ఇనుము కూడా ఆక్సీకరణం చెందకుండా ఉంటుంది. వేడి తక్కువైతే కార్బన్ విద్యుత్తును సరిగ్గా మోయదు, ఎక్కువైతే ఫాస్ఫేట్ క్షయకరణం చెంది ఐరన్ ఫాస్ఫైడ్ పుడుతుంది. కార్బన్ మరీ పెరిగితే పొడి బొద్దుగా మారి ఎలక్ట్రోడ్‌లో చోటు తింటుంది. ఈ సూక్ష్మాలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, కానీ టన్నుల లెక్కన ప్రతి బస్తా ఒకేలా ఉండేట్టు చేసే విద్య పుస్తకాల్లో లేదు. 2025 జూలైలో చైనా ఎల్‌ఎఫ్‌పీ వంటి క్యాథోడ్‌ల తయారీ సాంకేతికతను ఎగుమతి నియంత్రణ జాబితాలో చేర్చింది. ఆ విద్యను కొనుక్కుని తెచ్చుకునే దారి అంతమేరకు ఇరుకైంది. కొత్త రకం పూతలకు పత్రాల్లో దొరికే ఆదరణ ఈ పాత కార్బన్ పూతకు దొరకదు, యువ పరిశోధకులు దీన్ని అయిపోయిన పనిగా చూస్తారు. నిధుల్లో కొంత భాగాన్ని ఈ అయిపోయిన పనికే కేటాయించమని అడుగుతున్నాను.

ఇక పరిమాణం. ఇదే అన్నిటికన్నా పెద్ద చిక్కు. క్యాథోడ్ పొడి గ్రాముకు ఉపరితలం సుమారు 0.4 చదరపు మీటర్లు అనుకుందాం. టన్నుకు నాలుగు లక్షల చదరపు మీటర్లు, అంటే వంద ఎకరాలు. ఆ విస్తీర్ణమంతా రెండు నానోమీటర్ల మందాన అల్యూమినా పరచడానికి పట్టేది దాదాపు రెండున్నర కిలోలు. వంద ఎకరాల చేనుకు రెండున్నర కిలోల మందును ఒక్క చాలు కూడా వదలకుండా, ఒక్క చోట కూడా కుప్ప పడకుండా చల్లమంటే రైతు మన వంక ఎలా చూస్తాడో ఊహించండి. పూత వేసే ఇంజనీరు ముందున్న పని అదే. నికెల్ రకం క్యాథోడ్‌తో ఒక గిగావాట్ అవర్ సెల్‌లు చేయడానికి పదిహేను వందల టన్నులకు తక్కువ కాకుండా పొడి కావాలి. దేశంలో సెల్‌ల తయారీకి కేంద్రం 2021లో ఆమోదించిన 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం లక్ష్యమేమో 50 గిగావాట్ అవర్లు. మన ప్రయోగశాలల్లో ఒకసారికి పూత వేసేది కొన్ని గ్రాములు.

గ్రాముల్లో పనిచేసిన పద్ధతి కిలోల్లో పనిచేయకపోవడానికి కారణాలు మామూలువే. ఆల్కహాల్‌లో కలిపి వేసే తడి పద్ధతిలో ఆ ద్రావణిని మంటలు రాకుండా ఆవిరి చేసి తిరిగి పట్టుకోవాలి. నానో అల్యూమినాతో కలిపి వేగంగా తిప్పే పొడి పద్ధతి చవక, పరిశ్రమ ఎక్కువగా ఇష్టపడేదీ అదే, కానీ పూత అక్కడక్కడ చుక్కలుగా మిగులుతుంది. ఏఎల్‌డీ అన్నిటికన్నా సమంగా వేస్తుంది. 1974లో ఫిన్లాండ్‌లో టూమో సుంటోలా దీన్ని కనిపెట్టినది బల్లపరుపు తలాల కోసం కనుక, పొడికి వాడాలంటే ప్రతి కణానికీ వాయువు తగిలేలా పొడిని తేలుస్తూ కదిలించే యంత్రం కావాలి. పైగా దానికి వాడే ట్రైమిథైల్ అల్యూమినియం గాలి తగిలితే దానంతటదే మండుతుంది. ప్రతి విశ్వవిద్యాలయమూ ఇలాంటి యంత్రం ఒక్కొక్కటి కొని, ఒక విద్యార్థి పీహెచ్‌డీ పూర్తయ్యాక దానికి గుడ్డ కప్పి పెట్టడం దేశానికి గిట్టుబాటయ్యే పని కాదు.

అందుకే ఒక ఉమ్మడి కేంద్రం అడుగుతున్నాను. ఒకసారికి కిలో నుంచి వంద కిలోల వరకు, తడి, పొడి, ఏఎల్‌డీ మూడు పద్ధతుల్లోనూ పూత వేయగలిగి, పక్కనే జడవాయువు కొలిములు, డ్రై రూమ్, పౌచ్ (సంచి ఆకారపు) సెల్ తయారీ వరుస ఉన్న చోటు అది కావాలి. దక్షిణాదిన పెట్టమనడం ప్రాంతాభిమానం అనుకుంటే అనుకోండి, కారణాలు మాత్రం ఉన్నాయి. తరమణి చుట్టుపక్కల ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కులో ఏఆర్‌సీఐ వారి ఆటోమోటివ్ ఎనర్జీ మెటీరియల్స్ కేంద్రం ఉంది, సీఎస్ఐఆర్ మద్రాస్ కాంప్లెక్స్ ఉంది. కారైకుడిలోని విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ సీఈసీఆర్ఐ ఇదే రాష్ట్రంలో ఉంది. బెంగళూరులో ఐఐఎస్‌సీ, జేఎన్‌సీఏఎస్ఆర్ అనే పరిశోధన సంస్థలు రైలు ప్రయాణం దూరంలో ఉన్నాయి. 2019లో స్టాక్‌హోంలో గుడ్‌ఇనఫ్ తరఫున నోబెల్ ఉపన్యాసం చదివిన అరుముగం మంతిరం పీహెచ్‌డీ చేసినది ఇదే ఐఐటీ మద్రాస్‌లో. సెల్‌ల కర్మాగారాలు వస్తున్న కృష్ణగిరి, మహబూబ్‌నగర్‌లకు ఇక్కడినుంచి పొడి డబ్బాలు లారీలో ఒక రాత్రిలో చేరతాయి. ఇంతకు మించి, ఇక్కడి ఉక్కలో నిలబడిన పొడి దేశంలో మరెక్కడైనా నిలబడుతుంది.

ఈ కేంద్రం చేతికి ఒక పని మొదటిరోజే అప్పగించవచ్చు. ఒకే బ్యాచ్‌లో తయారైన పూత లేని పొడిని, ఒకటి నికెల్ రకం, ఒకటి ఎల్‌ఎఫ్‌పీ, తగినంత సేకరించి నత్రజనిలో సీలు చేసి దేశంలోని ప్రయోగశాలలన్నిటికీ ఇవ్వండి. ఎవరి పద్ధతిలో వాళ్లు పూత వేసి తిప్పి పంపాలి, దానితోపాటు పూత పదార్థం లేకుండా అదే దశలు దాటిన జత నమూనా కూడా పంపాలి. కేంద్రంలో ఎవరిది ఏ నమూనానో తెలియకుండా సంఖ్యలు వేసి, ఒకే రకం పూర్తి సెల్‌లో, 45 డిగ్రీల దగ్గర పరీక్షించాలి. నేడు ఒక పత్రంలోని పూతను ఇంకో పత్రంలోని పూతతో పోల్చలేకపోవడానికి ముఖ్య కారణం, ఎవరి పొడి వారిదై ఉండడం. ఫలితాలు బాగున్నవీ బాగులేనివీ ఒకే పట్టికలో అచ్చు వేయాలి. పూత వేసినా తేడా రాలేదన్న ఫలితాన్ని ఏ పత్రికా తీసుకోదు, దాంతో ఆ పనినే మరో ఊళ్లో మరో విద్యార్థి మూడేళ్లు పెట్టి మళ్లీ చేస్తాడు. నిధులిచ్చే సంస్థగా ఈ వృథాను ఆపగల స్థానంలో ఉన్నది మీరే. పేరు బయటపడుతుందని జంకేవారికి పట్టికలో పేర్లు లేకుండా సంఖ్యలే ఉంచవచ్చు.

ఈ షరతుల వల్ల చిన్న కళాశాలల పరిశోధకులకు ఇబ్బంది అవుతుందనే అభ్యంతరం నాకు ముందే తెలుసు. పూర్తి సెల్‌లు చేసే సౌకర్యం వాళ్ల దగ్గర ఉండదన్నది నిజమే. అందుకే కేంద్రాన్నీ షరతులనూ విడదీయకుండా చూడమంటున్నాను. షరతులు మాత్రమే పెట్టి కేంద్రం పెట్టకపోతే నిధులు నాలుగు పెద్ద సంస్థల మధ్యే తిరుగుతాయి, అప్పుడు ఆ అభ్యంతరానికి నా దగ్గర కూడా జవాబు ఉండదు. కేంద్రం ఉంటే అనంతపురంలోనో చిత్తూరులోనో ఉన్న అధ్యాపకుడు మంచి రసాయన ఆలోచన ఒక్కటి చేతబట్టుకుని రావచ్చు, మిగతా పని ఇక్కడ జరుగుతుంది.

వచ్చే విడత ప్రతిపాదనల పిలుపు వెలువడేలోపు, నియంత్రణ నమూనా షరతునూ నిలవ పరీక్షనూ అందులో చేర్చే విషయం మీ నిపుణుల సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాను. మిగిలినవాటికి డబ్బూ స్థలమూ కావాలి కనుక సమయం పడుతుందని ఎరుగుదును. ఈ రెంటికీ మాత్రం ప్రకటనలో రెండు వాక్యాలు కలిపితే సరిపోతుంది. పరీక్షల విధివిధానాల ముసాయిదా రాయడంలోనూ, ఉమ్మడి పొడిని ఎంపికచేసి పంచడంలోనూ నాతో పాటు ఇక్కడి మిత్రులు కొందరు సెలవు దినాల్లో పనిచేయడానికి ఒప్పుకున్నారు. ఇంగ్లీషు ప్రతితో పాటు ఆ ముసాయిదా తొలిరూపాన్ని కూడా జతచేసి పంపాను.

భవదీయుడు,
చెన్నైలో పనిచేస్తున్న ఒక క్యాథోడ్ పదార్థాల ఇంజనీరు